ఆలస్యంగా పడే తెడ్డు

నమోదు 212

మూడో పంపు మళ్లీ గురక పెట్టింది. విప్పి చూస్తే వడపోత నిండా మంచుపొడి. దులిపి బిగించాను. గుంత అడుగున తవ్వి తెచ్చిన మంచును కరిగించి, ఆ నీళ్లను బంగాళదుంపల గదికి పంపడం నా ఉద్యోగం. మా నీడపట్టు స్థావరం చందమామ మీద ఎండ ఎప్పుడూ పడని చోట ఉంది. ఇక్కడ పొద్దు పొడవడాలూ గుంకడాలూ లేవు. షిఫ్టు దిగితే సాయంత్రం అనుకోవడమే. పడుకునే ముందు ఈ నమోదు రాయాలని నియమం. పంపు సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. మిగిలిన జాగాలో నా సొంత గోల రాయొద్దని ఎవరూ అనలేదు కదా.

ఇవాళ్టి గోల ఏమిటంటే, నా ఆటపెట్టె బతికింది. గంగామణక్క ఇక్కడ డ్రిల్లు నడుపుతుంది. పాత డ్రిల్లు పారేసే ముందు దాని తెరనూ పెట్టెనూ ఊడదీసి నాకిచ్చింది. మంచి పెట్టే కానీ మహా ముక్కోపి. ఎనిమిది రంగులకు మించి చూపించదు. కాసేపు ఆడితే వేడెక్కి అలుగుతుంది. అప్పుడు దాన్ని చన్నీళ్ల గొట్టానికి ఆనించి బుజ్జగించాలి. భూమ్మీద జనం కళ్లకు పొరలు తగిలించుకుని ఏకంగా ఆటలోకే దిగిపోతారట. 'వెయ్యి లంకలు' ఆటలో నా సముద్రం ఒక నీలం గడి. కొబ్బరిచెట్టు అంటే గీత మీద పచ్చ గడి. నేను ఎర్ర గడిని. నా పక్కనుండే పసుపు గడి భూమ్మీద ఉన్న నా చెల్లెలు పైడమ్మ.

నా తెర చూపించలేనిదంతా పైడి రాసి చూపిస్తుంది. "అప్పా, నీ ఎడంపక్క నీళ్ల మీద ఎండ తునకలు తునకలుగా పడతంది. పడవ కొసన కొంగొకటి కూకుంది. నీకేసే సూస్తంది. దానికి నువ్వు నచ్చినట్టు నేదు" అని రాసింది ఇవాళ. నా తెర మీద కొంగ లేదు, దాని ఈక కూడా లేదు. అయినా "ఉస్, పో" అన్నాను. గంగామణక్క నావైపు అదోలా చూసింది.

పైడికి చిన్నప్పటి నుంచీ నత్తి. ఎదురుగా కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండదు. మాట ఇంకా రావాల్సి ఉందని దాని మొహం చూస్తే తెలుస్తుంది. ఫోనులో మొహం ఉండదు. అది మాట దగ్గర ఆగితే ముగించిందనుకుని నేను అందుకునేదాన్ని. నా మాట ఇక్కడి నుంచి ఆలస్యంగా వెళ్లి, సరిగ్గా దాని మాట బయటికొచ్చే వేళకు అడ్డం పడేది. అలా కొన్నిసార్లు అయ్యాక అది ఫోను మానేసింది. రాతలో మాత్రం దాన్ని ఆపగలవాళ్లు పుట్టలేదు. నాకు నా చెల్లెలి పక్కన కూర్చునే చోటు ఈ ఆట ఒక్కటే.

మాది జంట తెడ్ల పడవ. రెండు తెడ్లూ కలిసి పడకపోతే గిర్రున తిరుగుతుంది. నేను మీట నొక్కిన సంగతి భూమికి చేరడానికే సెకను పైన పడుతుంది. ఎవరితో కూర్చున్నా పడవను తిరగలిలా తిప్పాను. పైడి ఏం చేసిందంటే, తన తెడ్డును గాల్లో పట్టుకుని నా తెడ్డు పడేదాకా ఆగడం నేర్చుకుంది. మా పడవ అందరికన్నా నెమ్మది, కానీ తిన్నగా వెళ్తుంది.

నమోదు 214

పంపులు బాగున్నాయి. దుంపలకు మొలకలొచ్చాయి.

ఆటలో ముళ్లదండు అని ఒక గుంపుంది. రేవు దగ్గరే కాపు వేస్తారు. వాళ్ల పెద్ద పేరు డేగకన్ను. అసలు పేరేమిటో వాళ్లమ్మకు తెలుసు. నేను రేవులో అడుగుపెట్టగానే నీళ్లలోకి తోసేస్తారు. "కొయ్యబొమ్మ వచ్చిందిరా, తొయ్యండిరా" అంటారు. తోస్తున్నారని నా తెర మీద కనబడేసరికి నేను అక్కడ నీళ్లలో ఉంటాను. నాకా కోపం ముక్కు మీదే ఉంటుంది. నోటికొచ్చినట్టు తిడతాను. నా తిట్టు భూమికి చేరేసరికి తిట్టించుకోవాల్సినవాడు వెళ్లిపోయి ఉంటాడు. మొన్న ఆ తిట్టంతా పాపం చేపలమ్ముకునే పెద్దాయన ఒకాయన మీద పడింది. ఆయన దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"గాళ్లను గెలుకకు చెల్లె" అంది గంగామణక్క. "నువ్వు తిడ్తెనే ఆళ్లకు మజా. గా మీట నొక్కు, ఆళ్ల నోర్లు నీకినబడయ్. నువ్వేమన్న ఆళ్లకు జవాబుదారివా?"

మీట నొక్కాను. నోళ్లు మూతపడ్డాయి. తోపుడికి మాత్రం అలాంటి మీట లేదు.

నాకంటే పైడి గురించే బాధ. నిరుడు ఒకసారి అది రేవులో నోరు తెరిచి, పడవ తాడు ఎవరిదని అడగబోయింది. డేగకన్ను దాని నత్తిని అనుకరించి పదిమందిని నవ్వించాడు. ఆ తర్వాత ఆటలో దాని గొంతు ఎవరూ వినలేదు.

కానీ పైడి బుర్రే బుర్ర. నిన్న ఒక ఉపాయం రాసింది. "అప్పా, ఆళ్లు తోసేది మనల్ని తడపడానికే కదా. మనమే ముందు దూకేద్దుమా?" ఇవాళ రేవులోకి రాగానే ఇద్దరం టపీమని దూకేశాం. ముళ్లదండు వాళ్లు తోయడానికి వచ్చి ఖాళీ గట్టు మీద నిలబడ్డారు. పైడి నీళ్లలోంచి చెయ్యి ఊపిందట. చేపల పెద్దాయన కూడా మాతోపాటు దూకాడట, ఎందుకో మరి. ఈ మధ్య అంతగా నవ్వలేదు నేను. పెట్టె వేడెక్కి ఆగిపోయేదాకా దూకాం.

నమోదు 217

రెండో పంపు రబ్బరు మార్చాను.

మేం నవ్విన నవ్వు ముళ్లదండుకు ఒళ్లు మండించింది. నేను మనిషిని కాదని, యంత్రాన్నని ఫిర్యాదు పెట్టారు. ఒక్కరు కాదు, గుంపంతా.

యంత్రాల చేత వందేసి పడవలు ఒక్కసారే నడిపించి చేపలన్నీ ఊడ్చుకుపోయే మోసగాళ్లు పెరిగారని ఆటవాళ్లు ఒక పరీక్ష పెట్టారు. తెర మీద దీపం వెలుగుతుంది. రెండు సెకన్లలోపు దాన్ని తాకాలి. వంద పడవల యంత్రాలు అక్కడ తడబడతాయట. ఫిర్యాదు పడితే ఈ పరీక్ష తప్పదు. నేను దీపం వెలిగిన క్షణంలోనే తాకాను. ఏం లాభం? ఆ వెలుగు నా దగ్గరికొచ్చి, నా తాకిడి తిరిగి భూమికి వెళ్లేసరికే రెండున్నర సెకన్లు దాటుతుంది. ప్రతిసారీ "ఆలస్యం" అనే వచ్చింది. నా పేరు పక్కన యంత్రం గుర్తు పడింది.

గుర్తు నిలిస్తే నన్ను ఆటలోంచి తీసేస్తారు. నాకు ఎర్ర గడి పోతుందని కాదు, పసుపు గడి పక్కన చోటు పోతుందని భయంగా ఉంది. మనిషి చేత విచారణ చేయించమని అర్జీ పెట్టాను. ఎల్లుండి ఒకావిడ మాట్లాడతారట. పైడి ఇలా రాసింది. "నువ్వేటి భయపడకప్పా. నీతో రెండు ముక్కలు మాటాడితే సాలు, ఇలాటి నోరు యంత్రానికి ఉండదని ఆలకే తెలుస్తాది."

నమోదు 219

పంపులు చూడలేదు. గంగామణక్క చూసింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. నీడపట్టులో ఒక మర్యాద ఉంది. భూమితో లైను మీద మాట్లాడేటప్పుడు, అవతలివాళ్లు చెప్పడం ముగించి "అయింది" అనేదాకా మనం నోరు తెరవకూడదు. లేకపోతే మాటలు గుద్దుకుంటాయి. మధ్యలో నోరు తెరిచినవాళ్లు ఆ పూట అందరి గిన్నెలూ తోమాలి. మొదట్లో గిన్నెలన్నీ నేనే తోమేదాన్ని. తోమీ తోమీ బాగుపడ్డాను. ఇప్పుడు "అయింది" వినబడనిదే నా నాలుక కదలదు.

విచారణకు వచ్చినావిడ పేరు సుభాషిణి గారు. గొంతు మెత్తగా ఉంది. "నమస్కారమండీ, వినబడుతోందా?" అన్నారు. ఆగాను. "మీ పేరొకసారి చెప్తారా?" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోతున్నారు కాబోలని ఆగాను. "ఏ ఊరండీ మీది?" అన్నారు. ఈవిడ ప్రశ్నలన్నీ ఒకేసారి పేర్చి అడిగే రకం కాబోలనుకుని, జవాబులు మనసులో వరసగా పెట్టుకుంటూ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. "ఏదైనా ఒక్క మాట అనండి, చాలు" అన్నారు చివరకు. కొంచెం జాలిగానే అన్నారు. ఆవిడ ఇంకా "అయింది" అనలేదు. ఆ తర్వాత లైను తెగిపోయింది.

సంగతి చెబితే గంగామణక్క ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "అయ్యో బిడ్డా" అంది, నా తల తన భుజానికి ఆనించుకుంది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

కబురు వచ్చింది. విచారణలోనూ పలకలేదు గనుక ఈ వారాంతంలో తీసేస్తారు. రెండో విచారణ ఉండదట, ఇక ఒక్కటే దారి. నన్ను ఎరిగిన ఆటగాడెవరైనా రేవులో అందరి ముందూ నిలబడి, సుభాషిణి గారు వింటుండగా, సొంత గొంతుతో సాక్ష్యం చెప్పాలి. రాసిస్తే చెల్లదు, రాయడం యంత్రాలకూ వచ్చు.

నన్ను ఎరిగిన ఆటగాళ్లు ఎందరున్నారు? పైడికి రాశాను. "ఆ సాక్ష్యం ఊసు నీకు వద్దు. పోతే పోనీ. వేరే దారి సూద్దుం" అని. వేరే దారి ఏదో నాకే తెలియదు. పైడి జవాబు రాయలేదు. నాకు జవాబు రాయకుండా అది ఎప్పుడూ ఉండదు.

నమోదు 222

పైడి రేవులో నిలబడింది.

నాకు చెప్పలేదు. చెబితే ఆపుతానని దానికి తెలుసు. పెట్టె తెరిచేసరికి గట్టు మీద రంగు గడులు గుంపులుగా ఉన్నాయి, మధ్యలో పసుపు గడి. ముళ్లదండు అంతా దిగింది. నేను నోళ్లు మూయించే మీట ఎత్తేశాను. పైడి గొంతు వినాలంటే వాళ్ల గొంతులూ వినాల్సిందే.

"చెప్పమ్మా" అన్నారు సుభాషిణి గారు.

"ఈ... ఈవిడ మా అ... అ..." అని ఆగిపోయింది.

"అ, అ, అ" అన్నాడు డేగకన్ను. "ఇదీ పాడైపోయిన యంత్రమే మేడమ్. రెండూ ఒకే షాపులో కొన్నట్టున్నారు."

గుంపు నవ్వింది. నా గొంతు దాకా వచ్చింది మాట. నేను ఏమన్నా సరే, అది ఆలస్యంగా వెళ్లి మళ్లీ పైడి మాటకే అడ్డం పడుతుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పక్కన గంగామణక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

పైడి ఆగింది. వాళ్లు నవ్వుతున్నంతసేపూ ఆగింది. తర్వాత డేగకన్నుతో నెమ్మదిగా అంది. "న... నవ్వీసినావా? ఇంకా ఉంటే నవ్వీ. నా... నాకు తొందర నేదు."

వాడి గడి ఒక అడుగు వెనక్కి జరిగింది. ఆ సందులో పైడి మొదలుపెట్టింది.

"ఈవిడ మా అప్ప. దా... దాలమ్మ. చందమామ మీద మంచు కరిగించి నీళ్లు సేస్తాది. కో... కోపం ఎక్కువ. లేని కొంగని తోల్తాది. తన మాట మనకాడికి రావడానికి టై... టైము పడతాది. నా మాట నా నోటికాడికి రావడానికీ టైము పడతాది. మీ... మీకు అడ్డమైతే పక్కనుంచి ఎల్లిపొండి. మాకు మేము అ... అడ్డం కాదు."

నేనిక్కడ రాసినంత సాఫీగా పైడి చెప్పలేదు. చాలాసేపు పట్టింది. కొన్ని మాటల దగ్గర ఎంత ఆగిందంటే, ఇక రాదనుకున్నాను. ప్రతి మాటా వచ్చింది. మధ్యలో ఇద్దరు ముగ్గురు మళ్లీ నవ్వారు. చేపల పెద్దాయన "ఉండండయ్యా, ఆ పిల్లను చెప్పనివ్వండి" అన్నాడు. సుభాషిణి గారు ఒక్కసారి కూడా దానికి మాట అందివ్వబోలేదు.

నా చెల్లెలి గొంతు విని ఎన్నాళ్లయిందో. కాస్త బొంగురు పోయింది. ఇంత పెద్దదెప్పుడు అయిందో అనిపించింది.

నమోదు 223

మూడో పంపు గురక మళ్లీ మొదలు. రేపు చూడాలి.

తీర్పు వచ్చింది. సుభాషిణి గారు స్వయంగా మాట్లాడారు, ప్రతి మాట తర్వాతా నాకోసం ఆగారు. నేను మనిషినేనని వాళ్లు నమ్మారు. ఇకమీదట నాకు దీపం పరీక్ష ఉండదు. దూరం నుంచి ఆడే మనిషినని గుర్తు వేస్తారు. కానీ యంత్రం ముద్ర ఒకసారి పడిన ఖాతాను ఉంచే వీలు లేదట. "నా చేతిలో ఉంటే చేసేదాన్నండీ" అన్నారు. నిజంగానే చేసేవారనిపించింది. కొత్తగా మొదటి లంక నుంచి చేరొచ్చు అన్నారు.

మొదటి లంక అంటే ఇసుక, ఒక గాలం, గోనె బట్ట. దాన్ని దాటడానికి నెలలు పడుతుంది. దాటినవాళ్లు మళ్లీ అక్కడికి రావడానికి వీల్లేదు, కొత్తవాళ్లను దోచుకుంటారని ఆ కట్టడి. పైడి ఎన్నో లంకలు దాటి ఎక్కడో ఉంది. పైగా మొదటి లంకలో రాతపలక ఉండదు. అది చేపలు పట్టి సంపాదించుకోవాలి. అప్పటిదాకా ఏం చెప్పాలన్నా నోటితోనే చెప్పాలి.

పైడికి అంతా రాశాను. అంత గుంపులో నిలబడి దాన్ని మాట్లాడించి, చివరికి దక్కింది ఇదీ. "నువ్వక్కడే ఉండు, నీ తోట చూసుకో. నేను ఎప్పటికో అప్పటికి వచ్చేస్తాను" అన్నాను. దానికి రాతిమెట్ల తోట ఉంది, రెండు తెరచాపల పడవ ఉంది, ఆ లంకల్లో దాని మామిడిపళ్లకు పేరుంది. అదంతా కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి కూడబెట్టుకుంది.

"సరే అప్పా" అని ఒక్క ముక్క రాసింది. నిజం రాయాలి కదా, ఆ "సరే" చూసి నా మనసుకు కష్టమనిపించింది. వస్తానని అనదు కదా అనుకుంటూనే, అనలేదని బాధపడ్డాను.

నమోదు 224

షిఫ్టు దిగాక కొత్త ఖాతా తెరిచాను. కొత్తవాళ్లందరూ బూడిదరంగు గడులే, నా గడి పక్కన మాత్రం దూరం గుర్తు ఉంది. పసుపు ఇసుక, నీలం నీళ్లు, అక్కడక్కడా నాలాంటి బూడిద గడులు గాలాలతో కుస్తీ పడుతున్నాయి. నేనూ గాలం వేశాను. ఏమీ పడలేదు. నాకు కొంగల గురించి చెప్పేవాళ్లు లేరు. పెట్టె మూసేద్దామనుకున్నాను.

ఒక బూడిద గడి వచ్చి నా పక్కన ఆగింది. ఎవరైనా తోయడానికి వచ్చారేమో అనుకుని నేనే దూకబోయాను.

"అ..." అంది ఆ గడి.

నా చెయ్యి మీట మీద ఆగిపోయింది.

"అ... అప్పా."

"పైడీ? ఇక్కడికెలా వచ్చినావే? దాటినోలు రాకూడదు కదా."

నా ప్రశ్న వెళ్లింది. దాని జవాబు రావడానికి రావాల్సినంతసేపూ పట్టింది.

"నా పాత ఖా... ఖాతా తీయించీసినాను. కొ... కొత్తగా సేరినాను."

"తోటో? పడవో? మామిడిపళ్లో?"

"ఒ... ఒగ్గీసినాను."

నాకు కోపం వచ్చింది. మండిపడ్డాను. ఏళ్ల కష్టం అలా ఎవరైనా వదిలేస్తారా, నీకు బుర్ర ఉందా, ఇక్కడ రాతపలక కూడా లేదు, నెలల తరబడి నోటితో మాట్లాడాలి, ఆ సంగతి తెలుసా నీకు అని గడగడా వాయించేశాను. వాయించాక ఆగాను. అవతల ఏమీ రాలేదు. నేను తిట్టింది ఇంకా చేరలేదా, లేక చేరి అది ఏడుస్తోందా అని తెరకేసే చూస్తూ కూర్చున్నాను.

"తె... తెలుసు" అంది. "అందుకే వ... వచ్చినాను. ఆ రేవుకాడ అన్నీ సెప్పీసినాక నా... నాకు ఇంకా సెప్పాలని ఉంది. ఆలందరికీ కాదు. నీ... నీకే. అంత పెద్ద పడవల నాను ఒ... ఒక్కదాన్నీ కూకుని ఏటి సేస్తానప్పా?"

మూడో పంపు గంట కొట్టడం మొదలైంది. వెళ్లాలి, నాదే బాధ్యత. లేవబోతుంటే గంగామణక్క నా భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. "నువ్వు కూసో. పంపు నేను జూస్త. పిల్ల మాట్లాడ్తుంది గదా" అని పానా తీసుకుని వెళ్లిపోయింది.

పైడి చెప్తూనే ఉంది. ఇంటి వెనక దడి సంగతి, అమ్మ మోకాళ్ల సంగతి, దానికి పని దగ్గర పరిచయమైన ఒకతని సంగతి. అతని పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. సిగ్గువల్లో నత్తివల్లో తెలియలేదు, అడగలేదు. మాట మాటకీ మధ్య నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. తుడుచుకుంటే ముక్కు చప్పుడు దాని మాటకు అడ్డం వెళ్తుంది.

నేనెంతసేపటికీ పలక్కపోయేసరికి దానికి అనుమానం వచ్చింది.

"అప్పా, ఉ... ఉన్నావా?"

"ఉన్నానే" అన్నాను.

అది మళ్లీ అడగలేదు. నా మాట తనకు చేరేదాకా, ఆ బూడిద గడి నా పక్కన అలాగే నిలబడింది.